నార్మండీ తీరాన నాలుగు రాత్రులు

ఈ వారం ఈ పేజీలో ఎవరి పెళ్ళి ఎవరితో కుదిరింది, ఏ హీరో ఏ నిర్మాతకి అడ్వాన్సు తిప్పి పంపాడు లాంటి కబుర్లు వెతక్కండి. దొరకవు. 2025 మే నెలలో అయిదు రోజులు బస్సెక్కి ఫ్రాన్సు దేశపు ఉత్తర సముద్ర తీరం చూసొచ్చాను. ఆ ముచ్చటే ఈ వారం. "ఫ్రాన్సంటే పారిస్, పారిస్ అంటే ఈఫిల్ టవరు, టవరు కింద డ్యూయెట్టు" అనుకునే కుర్రకారుకి ముందే ఓ మాట. మా బస్సు పారిస్ ముఖం చూడలేదు. అయినా దారి పొడవునా సినిమాయే!

ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, "మావయ్యగారూ, మీకు యుద్ధం సినిమాలంటే ఇష్టం గదా, నార్మండీ కోచ్ టూరు ఉంది. అయిదు పగళ్ళు, నాలుగు రాత్రులు" అన్నాడు అల్లుడు. కోచ్ అంటే మరేమీ కాదు, మన టూరిస్టు బస్సే. కాకపోతే వీడియోలో పాత సినిమా పెట్టరు, దారిలో ఎవరి కోసమూ ఆపరు. మా ఆవిడ వెంటనే పులిహోర కలిపింది. పెరుగు డబ్బా కూడా సర్దిందిగానీ, ఇంగ్లండు నుంచి ఆ దేశాలకి పాలు, పెరుగు, మాంసం పట్టుకెళ్ళకూడదనే రూలు ఒకటుంది. దాంతో ఓడ ఎక్కేముందే పోర్ట్స్‌మత్ రేవులో ఆ పెరుగన్నం కాస్తా లాగించేశాం. ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకి ఇంకో సంగతి... ఇంగ్లండు వీసా ఉంటే చాలదు, ఫ్రాన్సుకి షెంజెన్ వీసా వేరే కావాలి.

మా గోదావరి వాళ్ళకి ఫ్రెంచివాళ్ళంటే గుర్తొచ్చేది యానాం. 1954 దాకా అక్కడ వాళ్ళ జెండాయే ఎగిరింది. శారదా చట్టం వచ్చాక పిల్లలకి పెళ్ళిళ్ళు చేయడానికి పెద్దలు యానాం పరిగెత్తిన కథలు మా బామ్మ చెప్పేది. ఆ ఫ్రెంచివాళ్ళ సొంతూళ్ళు ఎలా ఉంటాయో చూడాలని నాకూ ఉండేది. ఉన్నాయి చక్కగా... పచ్చిక, ఆవులు, యాపిల్ తోటలు. మన కోనసీమలో కొబ్బరిచెట్లు తీసేసి యాపిల్ చెట్లు నాటితే ఇలాగే ఉంటుందేమో!

ఓడ దిగిన రేవు పేరు విస్ట్రెయామ్. బస కాన్ అనే ఊరి శివార్లలో. సినిమా పిచ్చివాళ్ళు కంగారు పడకండి, ఇది ఫిల్మ్ ఫెస్టివల్ జరిగే కాన్ కాదు. అది దక్షిణాన ఎక్కడో ఉంది. రెండు పేర్లూ మన చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి. మా అల్లుడి స్నేహితుడొకాయన "రెడ్ కార్పెట్ దగ్గర ఫోటో దిగి పంపండి" అని మెసేజీ కూడా పెట్టాడు.

అసలు నాకు నార్మండీ పిచ్చి పట్టించింది 'ది లాంగెస్ట్ డే'. 1962లో డారిల్ జానక్ తీసిన బ్లాక్ అండ్ వైట్ చిత్రం. కాలేజీ రోజుల్లో విజయవాడలో ఆదివారం మార్నింగ్ షోకి వెళ్ళి చూశాను. 1944 జూన్ 6న ఇంగ్లండు, అమెరికా, కెనడా సైన్యాలు సముద్రం దాటొచ్చి హిట్లరు సైన్యం మీద పడ్డ కథ. ఒక్కరోజున సుమారు 1,56,000 మంది సైనికులు! ఉటా, ఒమాహా, గోల్డ్, జూనో, స్వోర్డ్ అని అయిదు బీచీలకి మారు పేర్లు పెట్టుకుని దిగారు. హాల్లో మా బెంచీ వాళ్ళం ఆ పేర్లు బట్టీ పట్టాం. పరీక్షలకి పట్టలేదుగానీ!

రెండోరోజు పొద్దున్నే మా బస్సు సాంత్ మేర్ ఎగ్లీజ్ అనే ఊళ్ళో ఆగింది. సినిమా చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. జాన్ స్టీల్ అనే పారాట్రూపరు ఆకాశంలోంచి దిగుతూ చర్చి గోపురానికి చిక్కుకుని, కింద కాల్పులు జరుగుతుంటే చచ్చినట్టు నటిస్తూ రెండు గంటలు వేలాడింది ఈ ఊళ్ళోనే. సినిమాలో ఆ వేషం రెడ్ బటన్స్ వేశాడు. తలెత్తి చూద్దును గదా, ఇప్పటికీ చర్చి మీద ఓ బొమ్మ పారాచూట్‌తో సహా వేలాడుతూనే ఉంది! నిజంగా చిక్కుకున్నది చర్చికి రెండో వైపట. అక్కడ వేలాడదీస్తే టూరిస్టులకి కనపడదు గనక ఇటు తిప్పారని గైడమ్మాయి చెప్పింది. కెమెరా యాంగిల్ కోసం ఆర్టిస్టుని ఇటు జరపడం మన దగ్గర కొత్తా ఏమిటి! లోపలికి వెళ్ళి రంగుటద్దాల కిటికీ చూడండి. మేరీమాత చుట్టూ దేవదూతలతో పాటు పారాచూట్లలో సైనికులు దిగుతుంటారు. బయట కొట్లలో 'టిక్ టిక్' మనే రేకు బొమ్మలు అమ్ముతున్నారు. చీకట్లో మనవాడా పరాయివాడా తెలుసుకోవడానికి పారాట్రూపర్లు వాడినవి. సినిమాలో ఆ టిక్కుటిక్కు ఓ కుర్రాడి ప్రాణం తీస్తుంది. మా ఆవిడ మనవడి కోసం రెండు కొంది. ఆ రోజంతా బస్సులో టిక్కుటిక్కే.

ఆ ఊరి బయట 'షెర్‌బూర్' అని బోర్డు కనిపించింది. గుండె ఝల్లుమంది. 'అంబ్రెల్లాస్ ఆఫ్ షెర్‌బూర్' (1964) చూశారా? మొదటి మాట నుంచి చివరి మాట దాకా పాటే. పెట్రోలు బంకులో "నూనె మార్చాలా?" అన్నా పాడుతూనే అంటారు. మన కురుక్షేత్రం పద్యనాటకం లాగన్నమాట. సంగీతం మిషెల్ లెగ్రాన్, దర్శకుడు జాక్ దెమీ. హీరోయిన్ కాథరీన్ దెనూవ్‌కి పాడింది వేరే గాయని. ప్లేబ్యాక్ అంటే పాశ్చాత్యులు మనని చూసి నవ్వుతారంటారు గదా, ఈసారి ఎవరైనా నవ్వితే ఈ సినిమా పేరు చెప్పండి. బస్సు మాత్రం ఆ వైపు తిరగలేదు. ప్రోగ్రాం కాగితంలో షెర్‌బూర్ లేదు. ప్రోగ్రాం కాగితంలో లేనిది లోకంలోనే లేదు కోచ్ టూరులో! ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ప్వాంత్ ద్యు హోక్ అనే చోట సముద్రం మీదికి నిటారుగా సుమారు 30 మీటర్ల కొండచరియ. 225 మంది అమెరికన్ రేంజర్లు పైనుంచి తుపాకులు పేలుతుండగా తాళ్ళు పట్టుకుని దాన్నెక్కారు. రెండు రోజుల తర్వాత పోరాడే స్థితిలో మిగిలింది 90 మంది. పైకెక్కి చూస్తే పేల్చెయ్యాల్సిన ఫిరంగులు అక్కడ లేవు! సినిమాలో కథ అక్కడే ఆగిపోతుంది... ఇంతమంది చచ్చింది ఉత్తినేనా అనిపించేలా. నిజానికి ఆ ఫిరంగులు కాస్త లోపలికి తోటల్లో దాచి ఉంటే రేంజర్లు వెతికి పట్టుకుని పనికిరాకుండా చేశారు. సినిమావాళ్ళకి శూన్యమే బాగా పండింది. బాంబులు తవ్విన గోతులు నేటికీ అలాగే ఉన్నాయి. గడ్డి మొలిచింది, అంతే.

ఇక ఒమాహా బీచి. 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' (1998) మొదటి ఇరవై అయిదు నిమిషాలూ మీకు గుర్తుండే ఉంటుంది. కానీ స్పీల్‌బర్గ్ ఇక్కడ తియ్యలేదు. ఆ షూటింగ్ అంతా ఐర్లండులోని కురాక్లో అనే బీచిలో జరిగింది. లాంగెస్ట్ డే వాళ్ళు కూడా బీచి దృశ్యాలు చాలామటుకు దక్షిణాన ఇల్ ద రే అనే దీవిలో తీశారు. అసలు ఒమాహాలో పిల్లలు ఇసుక గూళ్ళు కడుతున్నారు. ఓ కుక్క అలల్ని చూసి మొరుగుతోంది. ఆ ఒక్కరోజున ఇక్కడ చనిపోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి రెండు వేల పైమాట అని గైడు చెబుతుంటే నేను ఆ కుక్కనే చూస్తూ నిలబడ్డాను.

పైన కొండ మీద కోల్‌విల్‌లో అమెరికన్ శ్మశానం. స్పీల్‌బర్గ్ సినిమా మొదలయ్యేది, ముగిసేది మాత్రం నిజంగా ఇక్కడే. 9,380కి పైగా తెల్ల చలువరాతి శిలువలు, మధ్య మధ్య యూదుల నక్షత్రాలు, అన్నీ పడమటికి... తమ దేశం వైపు తిరిగి. దొరకనివాళ్ళ పేర్లు మరో 1,557 గోడ మీద ఉన్నాయి. అక్కడ నైలాండ్ అన్నదమ్ములు ప్రెస్టన్, రాబర్ట్ పక్కపక్కన ఉన్నారు. ర్యాన్ కథకి మూలం వీళ్ళే. మొత్తం నలుగురు. ఇద్దరు ఇక్కడ ఒక్కరోజు తేడాలో పోయారు. మూడోవాడు ఎడ్వర్డ్ బర్మాలో పోయాడనుకున్నారు. అందుకని ఆఖరివాణ్ణి ఫ్రెడరిక్‌ని ఇంటికి పంపేశారు. తీరా తర్వాత ఎడ్వర్డ్ జపానువాళ్ళ ఖైదులోంచి బతికొచ్చాడు! ఇదే మన రచయిత రాస్తే "మరీ సినిమా కథలా ఉందండీ" అని నిర్మాత కొట్టేస్తాడు.

ఈ సినిమాలేవీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ వేసవిలో నార్మండీలో సుమారు 20 వేలమంది మామూలు జనం చనిపోయారు. ఎక్కువమంది మిత్రపక్షాల బాంబుల కిందే. మేం బస చేసిన కాన్ ఊరు దాదాపు నేలమట్టమైంది. హోటలు చుట్టుపక్కల అన్నీ ఒకే రకం కొత్త ఇళ్ళు ఎందుకున్నాయో అప్పుడర్థమైంది నాకు.

మూడోరోజు మోన్ సాన్ మిషెల్. సముద్రంలో కొండ, కొండ చుట్టూ ఊరు, నెత్తిన మఠం, శిఖరాన బంగారు దేవదూత. డిస్నీ వాళ్ళ 'టాంగిల్డ్' (2010)లో రాజుగారి కోట చూశారు గదా, దానికి నమూనా ఇదే. బస్సుల్ని రెండున్నర కిలోమీటర్ల ఇవతలే ఆపేస్తారు. అక్కణ్ణించి షటిల్ బస్సు, లేదా 2014లో కట్టిన వంతెన మీద నడక. పెద్ద పోటు వచ్చిననాడు సముద్రం 14 మీటర్ల దాకా లేస్తుంది. ఇసుకలో ఊబులున్నాయి, గైడు లేకుండా దిగకూడదు. ఫ్రెంచి విప్లవం తర్వాత ఈ మఠాన్ని 1863 దాకా జైలు చేసేశారు! చూడాల్సిన చోటే, కాదనను. కానీ కింద ఒక్కటే సందు, ఆ సందులో తిరపతి కొండంత రద్దీ. అక్కడి ఆమ్లెట్టు జగత్ప్రసిద్ధం. ధర చూసి మా ఆవిడ "ఈ డబ్బుతో కోళ్ళఫారం పెట్టొచ్చండీ" అంది. మెట్ల మీద కూచుని పులిహోర తిన్నాం.

నాలుగోరోజు బాయో. ఇక్కడ నేను మనసు పారేసుకున్నాను. సినిమా పుట్టకముందు 800 ఏళ్ళ నాటి సినిమా ఇది! దాదాపు 70 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పున్న నార బట్ట మీద ఉన్ని దారంతో కుట్టిన కథ. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండుని గెలిచిన వైనం. 70 మీటర్లంటే మన ప్రొజెక్టర్లో ఫిల్మయితే రెండున్నర నిమిషాలాడుతుంది. ఇది మాత్రం తొమ్మిది వందల ఏళ్ళు దాటి ఆడుతోంది. ఎడిటింగ్ చూడండి... ముసలి రాజు ఎడ్వర్డ్ శవయాత్ర ముందు వస్తుంది, ఆయన చనిపోయే దృశ్యం తర్వాత వస్తుంది. ఫ్లాష్‌బ్యాకన్నమాట! యుద్ధం మధ్యలో విలియం పోయాడని పుకారు పుడితే ఆయన శిరస్త్రాణం పైకెత్తి ముఖం చూపిస్తాడు. అక్కడ ఈలలు వెయ్యాలనిపించలేదంటే ఒట్టు! తోకచుక్క కూడా ఉంది, హేలీ తోకచుక్కే. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు మాత్రం వాకబు చేసుకోండి. మరమ్మతుల కోసం ఆ మ్యూజియాన్ని 2025 సెప్టెంబరు నుంచి మూశారు, 2027లో తెరుస్తామన్నారు.

ఆ సాయంత్రమే బస్సులో పంచాయితీ మొదలైంది.

ఆఖరిరోజు ప్రోగ్రాం కాగితంలో దోవిల్ ఉంది. రెండున్నర గంటలు. నేను ఈ టూరుకి డబ్బు కట్టిందే ఆ రెండున్నర గంటల కోసం. క్లోద్ లెలూష్ 1966లో తీసిన 'ఎ మాన్ అండ్ ఎ వుమన్' బీచి అది! తీసిన సినిమా తన్నేసి, దివాలా అంచున, తెల్లవార్లూ కారు నడుపుకుంటూ దోవిల్ చేరాడట లెలూష్. పొద్దున్నే ఆ బీచిలో ఓ స్త్రీ పాపతో, కుక్కతో నడుస్తూ కనిపించింది. ఈవిడ ఇంత పొద్దున్నే ఇక్కడేం చేస్తోంది? అదే కథ. సినిమా వచ్చేనాటికి అతని వయసు 28. కలరు ఫిల్ముకి డబ్బు చాలక కొంత బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తే, చూసినవాళ్ళు "ఆహా ఏం ప్రయోగం" అన్నారు. కాన్ ఫెస్టివల్ (దక్షిణం కాన్!) పెద్ద బహుమతి, రెండు ఆస్కార్లు. హీరో ట్రెన్తిన్యాన్ 2022లో, హీరోయిన్ అనూక్ ఎమే 2024లో పోయారు. ఆ చెక్క బాట మీద ఒక్కసారి తీరిగ్గా నడవాలని నా కోరిక.

మా బస్సులో 34 మందిమి. మూడో వరసలో ఒంటరిగా ఒక ముసలావిడ కూచునేది. ఎనభై ఒక్క ఏళ్ళు, చేతికర్ర. నాలుగు రోజులుగా ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. ఆ సాయంత్రం లేచి మైకు పక్కన నిలబడి చెప్పింది. వాళ్ళ నాన్న పారాచూట్ దళంలో ఉండేవాడు. 1944 జూన్‌లో ఇక్కడే పోయాడు. అప్పటికి తనకి మూడు నెలలు. సమాధి రాన్‌విల్‌లో ఉంది. ప్రోగ్రాంలో ఆ పక్కనున్న పెగాసస్ వంతెన "బస్సులోంచే చూపబడును" అని ఉంది. ఒక్క గంట ఆపుతారా?

డ్రైవరు లెక్క వేశాడు. మధ్యాహ్నం ఓడ తప్పకూడదు, బస్సు నడిపే గంటలకి యంత్రంలో రికార్డు ఉంటుంది, నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావు గంట ఆగాలి, అది చట్టం. ఆగితే ఆ గంట దోవిల్లోంచే కొయ్యాలి, రోడ్డు మళ్ళింపులు కూడా ఉన్నాయి గనక నలభై నిమిషాలే మిగులుతుందన్నాడు. గైడమ్మాయి అందరూ ఒప్పుకుంటేనే అంది. ఒక జంట అక్కడ భోజనానికి టేబుల్ బుక్ చేసుకున్నామని గొణిగారు. "ఆవిడ ముందే చెప్పి ఉండాల్సింది" అన్నాడు వెనక సీటాయన. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. చేతులెత్తమన్నారు. మా ఆవిడ నా వంక చూసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ చూపు నాకు తెలుసు. "దోవిల్ ఎక్కడికీ పోదు లెండి" అంది. మళ్ళీ రాలేమని ఇద్దరికీ తెలుసు. చెయ్యెత్తాను. టేబుల్ బుక్ చేసుకున్న జంట కూడా ఎత్తారు. చివరికి వెనక సీటాయన.

రాన్‌విల్‌లో సన్నటి వాన. ఇక్కడ రాళ్ళన్నీ ఒకే ఎత్తు. 2,200కి పైగా ఇంగ్లండు పక్షం వాళ్ళు, వాళ్ళ మధ్యే 300కి పైగా జర్మన్లు. చాలా రాళ్ళ మీద వయసు చెక్కారు... 19, 21, 20, 22. కాలేజీ హాజరుపట్టీ లాగుంది. ఎమిల్ కోర్టీల్ అని 19 ఏళ్ళ కుర్రాడు తన పారాచూట్ కుక్క గ్లెన్‌తో ఒకే సమాధిలో ఉన్నాడు. కుక్క పేరూ రాయి మీద ఉంది. మేం గొడుగు పట్టి ముసలావిడతో వరసలు వెతికాం. వెనక సీటాయనే ముందు కనిపెట్టి చెయ్యూపాడు.

ఈ రాళ్ళ అడుగున కుటుంబం వాళ్ళు తమకి తోచిన ఒక వాక్యం చెక్కించుకునేవారు. ఆవిడ తల్లి తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఇంట్లో ఈయన మాటే ఎత్తేది కాదట. రాయి మీద ఏదో రాయించిందని కూడా కూతురికి చెప్పలేదు. ఆవిడ వంగి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఎనభై ఏళ్ళ తర్వాత తల్లి మాట చదువుకుంది. అదేమిటో నేనిక్కడ రాయను. వాళ్ళింటి మాట అది.

దోవిల్లో సరిగ్గా ముప్ఫై ఎనిమిది నిమిషాలు దొరికాయి. చెక్క బాట పక్కన స్నానపు గదుల కంచెల మీద హాలీవుడ్ తారల పేర్లు రాసుంటాయి. అక్కడ 1975 నుంచీ ప్రతి సెప్టెంబరులో అమెరికన్ చిత్రోత్సవం జరుగుతుంది. ఆ ఉత్సవానికొచ్చినవాళ్ళ పేర్లవి. వానలో బీచి ఖాళీగా, బూడిద రంగులో... లెలూష్ కెమెరా పెట్టుకోవడానికి సరిపడా ఉంది. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గబగబా నడిచింది. నేను ఫోటోలు తీశాను. స్విట్జర్లాండులో డ్యూయెట్లు తీసే మన నిర్మాతలు ఓసారి ఈ వానబీచి వైపు చూడకూడదా!

ఓడలో ముసలావిడ మా టేబుల్ దగ్గరికొచ్చి కూచుంది. యుద్ధం సినిమాలేవీ చూడలేదట. టీవీలో వస్తే కట్టేసేదట. "నాన్న వంతెన ఏ సినిమాలోనైనా ఉందా?" అని అడిగింది. లాంగెస్ట్ డే గురించి చెప్పాను. గ్లైడర్లలో దిగి ఆ వంతెన పట్టుకున్న మేజర్ హోవర్డ్ వేషం వేసిన రిచర్డ్ టాడ్, ఆ రోజు పారాచూట్ దళంలో నిజంగా దిగి అదే వంతెన దగ్గరికి చేరిన సైనికుడే. హోవర్డ్‌ని అక్కడ కలుసుకున్నాడు కూడా. పద్దెనిమిదేళ్ళ తర్వాత మేకప్ వేసుకుని ఆయన వేషమే వేశాడు.

ఆవిడ కాసేపు కిటికీలోంచి సముద్రం చూసి, "సినిమా ఎంతసేపు?" అంది.

"మూడు గంటలకి రెండు నిమిషాలు తక్కువ."

"అయితే రెండు రోజులుగా చూస్తాను. వంతెన మొదట్లోనా, చివర్లోనా?"

మొదట్లోనే అన్నాను. పేరు రాసిమ్మంది. టీ గ్లాసు కింద కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చాను.